బస్తీ దవాఖానలో పిల్లల పుస్తకాల మూల పెడుతున్నాం, తెలిసినవాళ్లు జర సలహా చెప్పండి

హనుమకొండ చౌరస్తా:

అందరికీ నమస్తే. మాది వరంగల్. మా ఇంటి దగ్గర చిన్న సర్కారు దవాఖాన ఒకటి ఉంది, బుధవారం, శనివారం టీకాల రోజు హాలంతా జాతర లెక్క ఉంటుంది. ఒడిలో ఒకరు, కొంగు పట్టుకొని ఇంకొకరు, టోకెన్ కోసం ఎగబడే తల్లులు. నేనూ ఇద్దరు పిల్లలతో అక్కడ గంటలు గంటలు కూర్చున్నదాన్నే. అక్కడ ఒక మూలన పిల్లలు పుస్తకాలు చూసుకునే జాగా చేద్దామని మా డిగ్రీ బ్యాచ్ వాళ్లం ఆరుగురం అనుకున్నాం. డాక్టరమ్మను అడిగితే "గోడకు మేకు కొట్టే ముందు నాకు చూపించండి, మిగతాది మీ ఇష్టం" అన్నారు. ముప్పై వేలు పోగయ్యాయి.

జాగా ఎట్లుందంటే, తలుపు దగ్గర టోకెన్ రాసే బల్ల, దాని పక్కన బరువు చూసే మిషన్, ఎదురు గోడకు పొడవునా గ్రానైట్ అరుగు. మాకు ఇస్తామన్నది హాలు చివర 12 అడుగులకు 9 అడుగుల మూల, ఉత్తరం వైపు కిటికీ ఉంది. ఆ పక్కనే ఇంజెక్షన్ గది తలుపు. అది కాదంటే బయట రేకుల వరండా, గాలి బాగా వస్తుంది కానీ పన్నెండు దాటితే నిలబడలేం.

నా భయం వేరే. ఐదారేళ్ల కింద ఇంకో చోట ఇట్లాంటిదే ఒకటి చేశాం. అద్దాల బీరువా, నూటయాభై పుస్తకాలు, రిబ్బన్, ఫొటోలు, అందరికీ సమోసాలు. ఆర్నెల్లకు పోయి చూస్తే బీరువా మీద పాత రిజిస్టర్ల కట్టలున్నాయి, లోపల పుస్తకాలు మేం పెట్టిన వరుసలోనే ఉన్నాయి, ఒక్కటి కూడా కదల్లేదు. తాళంచెవి ఉన్నాయన బదిలీ మీద పోయారట. ఇంకోసారి ఆ బీరువా సంబరం నాతో కాదు.

అందుకే అడుగుతున్నా. ఏ జాగా మంచిది, కింద ఏం పరవాలి (కొత్తవాడ జంపఖానా వేద్దామని మా వాళ్ల ఆశ), ర్యాకులు ఎంత ఎత్తు ఉండాలి, ఎట్లాంటి పుస్తకాలు, పోతే ఏం చేయాలి. గోడ మీద కాకతీయ తోరణం బొమ్మ వేయిద్దామని ఒకరు పట్టుబట్టారు, ఊళ్లో ప్రతి గోడ మీదా అదే కదా అని నేనన్నా, అది ఇంకా తేలలేదు.

బుధవారం సూది:

చెల్లె, నేను ఏఎన్‌ఎంని, వరంగల్ కాదు, కొంచెం పైకి. పదిహేడేళ్లుగా పిల్లలకు సూదులు వేస్తున్నా, కాబట్టి పిల్లలకు నేనంటే ఎంత ప్రేమో మీకు తెలుసు. ముందు ఒక మాట, ఇంజెక్షన్ గది తలుపు పక్కన మూల అస్సలు వద్దు. లోపల ఒకడు ఏడిస్తే బయట పదిమంది మొదలుపెడతారు, పుస్తకం చేతిలో ఉన్నోడు పుస్తకం పారేసి తల్లి మెడకు చుట్టుకుంటాడు. రెండుసార్లు అట్లయితే ఆ మూల అంటేనే సూది అని వాడి బుర్రలో పడుతుంది, తర్వాత ఎన్ని బొమ్మల పుస్తకాలు పెట్టినా అటు రాడు.

ఇంకో కారణం ఎవరూ ఆలోచించరు. మా గదిలో బుట్టలు రంగురంగులవి ఉంటాయి. 2016 బయో మెడికల్ వేస్ట్ రూల్స్ వచ్చినప్పటి నుంచి పసుపు దాంట్లో రక్తం అంటిన దూది, ఎరుపు దాంట్లో సిరంజీల ప్లాస్టిక్, తెల్ల డబ్బాలో సూదులు, నీలం దాంట్లో గాజు సీసాలు. రెండేళ్ల పిల్లకు అవి బొమ్మల డబ్బాల లెక్కనే కనబడతాయి. మీరు పక్కనే అవే రంగుల బుట్టల్లో పుస్తకాలు పెడితే పిల్ల తేడా ఎట్లా పడుతుంది? ఎక్కడ పెట్టినా సరే, పుస్తకాలకు పసుపు, ఎరుపు, నీలం ప్లాస్టిక్ బుట్టలు మాత్రం కొనకండి. మా దగ్గర ఒకసారి ఒకడు ఎర్ర బుట్ట మూత తీసి లోపల చెయ్యి పెట్టబోయాడు, నా గుండె ఆగినంత పనైంది, అప్పటి నుంచి అన్నీ తలుపు వెనక ఎత్తు మీద పెట్టించా.

ఇక టైం సంగతి. టీకా వేశాక అరగంట ఉండి పొమ్మంటాం, ఏమన్నా రియాక్షన్ వస్తే చూడాలి కాబట్టి. కానీ సగం మంది పది నిమిషాలకే చీర సర్దుకొని లేస్తారు, వంట ఉంది, ఆటో ఆగింది అని. ఆ అరగంట వాళ్లను కూర్చోబెట్టేది ఏదన్నా ఉంటే నాకు అదే పెద్ద సాయం. ఇంకోటి గమనించండి, మీ దగ్గర పుస్తకం పట్టేది సూది వేసుకున్న నెలల పిల్ల కాదు, దానితోపాటు వచ్చిన మూడేళ్ల అక్క, నాలుగేళ్ల అన్న. బడి ఈడు పిల్లలు ఆ టైంలో బళ్లో ఉంటారు, జ్వరం వస్తేనే మా దగ్గరికి వస్తారు. ఐదేళ్లకు డీపీటీ బూస్టర్‌కు వచ్చేవాళ్లు కొందరుంటారు, వాళ్లే మీకు పెద్ద పాఠకులు.

జ్వరం, దగ్గు వాళ్ల వరుసకు మాత్రం దూరంగా పెట్టండి. తట్టు అయితే రోగి వెళ్లిపోయాక కూడా రెండు గంటల దాకా గాలిలో ఉండగలదు. ఒంటి మీద దద్దు, జ్వరం ఉన్న పిల్ల కనబడితే పుస్తకాల దగ్గర కూర్చోబెట్టకుండా నేరుగా లోపలికి పంపమని టోకెన్ రాసేవాళ్లకు చెప్పి పెట్టుకోవాలి. గోడ రంగు కన్నా కిటికీ తెరిచి ఉండటం ముఖ్యం.

జంపఖానా అందమే కానీ చెల్లె, పిల్లలు కక్కుతారు, పోస్తారు. దాన్ని ఎవరు ఉతుకుతారు? మా దగ్గర శుభ్రం చేసే అమ్మ ఒక్కతే, ఆమె మీద ఇంకో పని వేసే ముందు ఆమెను అడగండి, డాక్టరమ్మను అడిగితే సరిపోదు. రెక్సిన్ వేసిన పలుచటి పరుపయితే తడిగుడ్డతో తుడిచేయొచ్చు. రోజూ సబ్బునీళ్లు చాలు. కక్కినప్పుడు, విరేచనం అంటినప్పుడు ముందు అది తీసేసి, 5 శాతం హైపో (సోడియం హైపోక్లోరైట్, అంటే బ్లీచ్ ద్రావణం) 20 మిల్లీలీటర్లు తీసుకొని మొత్తం లీటరు అయ్యేలా నీళ్లు కలిపి తుడిచి, కాసేపాగి మళ్లీ మామూలు నీళ్లతో తుడవాలి. ఆ హైపోలో బాత్రూం యాసిడ్ మాత్రం ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు వస్తుంది. బొచ్చు బొమ్మలు, టెడ్డీలు ఎవరన్నా ఇస్తే ఇంటికి తీసుకుపోండి.

రంపపు పొట్టు:

అక్కా, మాది కాజీపేటలో కార్ఖానా, బాపు కాలం నుంచి కర్రపనే. మీ అద్దాల బీరువా ఎందుకు ఫెయిలయిందో నేను చెప్తా, తాళం ఒక్కటే కాదు. మన దగ్గర పిల్లల పుస్తకాలు సగానికి సగం మధ్యలో పిన్ను కొట్టిన పలుచటివి, వాటికి వెన్నే ఉండదు. నిలబెట్టి వరుసగా పెడితే కాగితాల కట్ట తప్ప ఏం కనబడదు. చదవడం రాని పిల్లకు అట్ట మీది బొమ్మే పుస్తకం పేరు. అట్ట ముందుకు కనబడేటట్టు పెట్టాలి.

గోడకు పట్టీలు కొట్టిద్దాం. అడుగున మూడించుల వెడల్పు ప్లై, ముందు రెండించుల అడ్డపట్టీ, పుస్తకం అందులో నిలబడుతుంది. ఆరడుగుల పొడవు పట్టీకి ఎనిమిది పుస్తకాలు పడతాయి, మూడు పట్టీలంటే ఇరవైనాలుగు. అంతే పెట్టండి. మిగతావి లోపల ఉంచి నెలనెలా మార్చండి, అన్నీ ఒకేసారి కుప్ప పోస్తే పిల్లలు పుస్తకాలు చూడరు, కుప్ప చూస్తారు. పై పట్టీ నేల నుంచి మూడడుగులు దాటొద్దు, మూడేళ్ల పిల్ల మొత్తం ఎత్తే అటు ఇటుగా మూడడుగులు. కూర్చునే బల్ల పదించులు, మహా అయితే పన్నెండు. పెద్దవాళ్ల కుర్చీలు చిన్నగా చేసినట్టు కాకుండా ఒక పొడవాటి బల్ల చేయిస్తే తల్లి కూడా పక్కన ఒరుగుతుంది, ఆమె కూర్చోకపోతే పిల్ల కూర్చోదు.

చవకగా వస్తుందని ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు తీసుకోకండి, దవాఖానలో రోజూ బకెట్ నీళ్లతో తుడుస్తారు, ఏడాదికి ఉబ్బి బూరెలవుతాయి. మెరైన్ ప్లై వేయండి, షీటు మీద ఐఎస్ 710 అని ముద్ర ఉందో లేదో మీరే చూసుకోండి, షాపాయన మాట నమ్మొద్దు, నేనే షాపాయన్ని అయినా సరే. చెదలకు భయపడేది ఉంటే కడప బండ పెట్టి అంచులు గుండ్రంగా కొట్టించండి, బరువెక్కువ కానీ చెదలు తినవు. 2023 జులై వానలకు మన కాలనీల్లో నీళ్లొచ్చినప్పుడు కింద అరలో ఉన్నవన్నీ పోయాయి, మా కార్ఖానాలో కూడా. అందుకే కింది పట్టీ నేల నుంచి అడుగు పైన మొదలుపెడదాం, నేల మీద ఆనే స్టాండు అసలే వద్దు, వేరే ఏ ర్యాకు పెట్టినా గోడకు స్క్రూ బిగించాలి, పిల్లలు దాన్ని నిచ్చెన అనుకుంటారు. తాడు కట్టి క్లిప్పులకు పుస్తకాలు తగిలించే పద్ధతి చాలాచోట్ల చూశా, బాగుంటుంది, కానీ తాడు పిల్లల మెడ ఎత్తులో వేలాడితే ప్రమాదం. కట్టేదుంటే గోడకు ఆనించి టైట్‌గా కట్టండి.

వరండా మాట మర్చిపోండి. ఎండ సంగతి పక్కన పెట్టండి, కోతులు! మా వాడలో ఒక అంగన్‌వాడీ వరండాలో చార్టులు కట్టారు, తెల్లారి చూస్తే ఒక్కటి లేదు. కోతికి అక్షరాలు వస్తాయో రావో కానీ కాగితం చింపడం బాగా వచ్చు.

ఓరుగల్లు ఎండ:

ఇవన్నీ ఫొటోల కోసం చేసే పనులు. ముందు ఆ దవాఖానలో బీపీ గోళీలు ఉన్నాయా, నీళ్లు వస్తున్నాయా చూడండి. పుస్తకాలతో జ్వరం తగ్గదు.

హనుమకొండ చౌరస్తా:

అన్నా, గోళీలు ఉన్నాయి, నీళ్లూ వస్తున్నాయి, ఫ్యానే ఒకటి తిరగదు, అది కూడా మా లిస్టులో పెట్టుకున్నాం. ఫొటోల మాటకొస్తే మీరన్నది నిజమే, పోయినసారి మేం చేసింది అదే. అందుకే ఈసారి ముందుగా అడుగుతున్నా. ఏఎన్‌ఎం అక్కా, రంగు బుట్టల సంగతి చదివి వెన్నులో వణుకు పుట్టింది, మేం కొనిపెట్టిన బుట్టలు సరిగ్గా పసుపు, ఎరుపే. వాపస్ ఇచ్చేశా.

పాత లైబ్రరీ కార్డు:

అమ్మా, నేను రిటైరైన మనిషిని, గ్రంథాలయాల్లోనే జీవితం గడిచింది. చిన్నప్పుడు హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషానిలయం మెట్లెక్కినవాణ్ని. 1904లో పెట్టింది అది, నిజాం కాలంలో తెలుగు పుస్తకం చేతికి దొరకడమే గగనమైన రోజుల్లో. అంత చరిత్ర ఉన్న ఊళ్లో పిల్లల పుస్తకాలకు తాళం వేసుకుంటున్నామంటే బాధగా ఉంటుంది, కానీ తాళం వేసినాయన్ని తిట్టి లాభం లేదు. నేనూ వేశాను కాబట్టి చెబుతున్నా.

మీరు విరాళంగా ఇచ్చిన పుస్తకాలను ఆఫీసులో ఏ రిజిస్టర్‌లో ఎక్కించారో చూశారా? బీరువా, కుర్చీలు, ఫ్యాన్లు ఎక్కే స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించి ఉంటారు. అక్కడ ఎక్కితే అవి ఆస్తి. ఏటా లెక్క చూస్తారు, నూటయాభైలో పన్నెండు తక్కువైతే సంతకం పెట్టినవాడు జవాబు చెప్పాలి. చిన్న ఉద్యోగి ఏం చేస్తాడు? తాళం వేస్తాడు. నేనైనా అదే చేస్తా, మీరైనా అదే చేస్తారు. అందుకే ఇచ్చేటప్పుడే డాక్టరమ్మతో మాట్లాడి వాటిని వాడితే అయిపోయే సామాన్ల కింద, దూది, గాజుగుడ్డ, సిరంజీల వరుసలో రాయించండి. ఇచ్చే ఉత్తరంలో కూడా "ఇవి చిరిగిపోవచ్చు, పిల్లలు ఇంటికి తీసుకుపోవచ్చు, తిరిగి లెక్క అడగబోము" అని మీ సంతకాలతో రాసివ్వండి. ఈ ఒక్క కాగితం మీ ప్లై, రెక్సిన్ అన్నింటికన్నా ఎక్కువ పని చేస్తుంది.

పోతే పోనివ్వండమ్మా. పిల్ల పుస్తకాన్ని కొంగులో దాచుకొని ఇంటికి పోయిందంటే మీ పని అయినట్టే కదా. ముప్పై వేలూ కర్రకు పెట్టకుండా సగం అట్టిపెట్టుకొని మూడు నెలలకోసారి కొత్తవి కొనండి.

ఏవి కొనాలంటే, మంచి పుస్తకం వాళ్లు సికింద్రాబాద్‌లో పిల్లల కోసమే తెలుగు పుస్తకాలు వేస్తున్నారు, నేషనల్ బుక్ ట్రస్ట్‌వి ఉన్నాయి, ప్రథమ్ బుక్స్‌వి ఉన్నాయి. ప్రథమ్ వాళ్లు 2015లో స్టోరీవీవర్ అని పెట్టారు, అందులో తెలుగు, ఉర్దూ కథలు కూడా ఉచితంగా దించుకొని ప్రింటు తీసుకోవచ్చు, అనుమతి అడగక్కర్లేని లైసెన్సు. రెండు భాషల్లో ఒకే కథ ప్రింటు తీసి పక్కపక్కన పెడితే మీ బస్తీలో ఉర్దూ మాట్లాడే ఇళ్ల పిల్లలకు కూడా పనికొస్తుంది. తండాల నుంచి వచ్చిన లంబాడా పిల్లలకు ఇంట్లో భాష తెలుగు కాదు, మాటలే లేని బొమ్మల కథలు ఒక ఐదారు తప్పకుండా పెట్టండి. అవి చదవడం రాని నానమ్మలకు కూడా పనికొస్తాయి. పుస్తకంలో బంగాళాదుంప అని ఉంటే తల్లి ఆలుగడ్డ అంటుంది, ఉల్లిపాయ అని ఉంటే ఉల్లిగడ్డ అంటుంది, అననివ్వండి, పక్కనుంచి ఎవరూ సరిదిద్దకండి. సరిదిద్దితే ఆ తల్లి మళ్లీ నోరు తెరవదు.

"పాత పుస్తకాలు ఇవ్వండి" అని మాత్రం వాట్సాప్‌లో పెట్టకండి. సగం గ్రూప్-2 గైడ్లు వస్తాయి, మిగతా సగం పోయిన ఏడాది క్యాలెండర్లు.

చివరిగా, ఏదీ చేయించకముందు ఒక టీకాల రోజు ఒట్టి చాప, పదిహేను పుస్తకాలు తీసుకుపోయి కూర్చోండి. పిల్లలు ఎక్కడ ఆగుతారో చూడండి. మనం మూల ఎంచుకుంటాం, వాళ్లు వేరేచోట కూర్చుంటారు.

కరీంనగర్ డ్యూటీ:

నేను పిల్లల డాక్టర్‌ని. అందరూ హాలు గురించే మాట్లాడుతున్నారు, నా వంతుగా ఒక మాట. మూడు నాలుగు పుస్తకాలు డాక్టర్ బల్ల మీద కూడా పెట్టండి. అమెరికాలో బోస్టన్ సిటీ హాస్పిటల్‌లో 1989లో రీచ్ అవుట్ అండ్ రీడ్ అని మొదలుపెట్టారు, మామూలు చెకప్‌కు వచ్చిన చిన్నపిల్లలకు డాక్టరే ఒక పుస్తకం చేతికిస్తారు, ఇంటికి తీసుకుపోవడానికి. అది చదివి నేనూ నా గదిలో గట్టి అట్టల పుస్తకాలు రెండు పెట్టుకున్నా. ఇంటికి ఇచ్చేంత బడ్జెట్ నాకు లేదు కానీ ఆ రెండూ నాకు స్టెతస్కోప్ అంత పనికొస్తున్నాయి.

ఎట్లంటే, ఆరు నెలల పిల్లకు ఇస్తే నోట్లో పెట్టుకుంటుంది, అది తప్పు కాదు, ఆ వయసుకు అదే సరైనది. ఏడాదిన్నర పిల్ల తల్లితో కలిసి నాలుగు పేజీలు చూస్తుంది. రెండేళ్లకు "కుక్క ఏది?" అంటే వేలు పెట్టి చూపిస్తుంది, రెండున్నరేళ్లకు ఒక్కొక్క పేజీ తిప్పుతుంది. ఓపీలో ఒక్కో పిల్లకు నాకు దొరికేది ఐదు నిమిషాలు, అందులో పిల్ల చూపు, వినికిడి, చేతివేళ్లు, తల్లితో ఎట్లా ఉంటుంది అన్నీ పుస్తకం చేతిలో పెడితే అరనిమిషంలో తెలుస్తాయి. "మీ పాప మాట్లాడుతుందా?" అని అడిగితే అందరు తల్లులూ "ఆ, మంచిగనే మాట్లాడుతుంది" అంటారు, అందుకని అడగడం మానేశా.

నోట్లో పెట్టుకుంటారు కాబట్టి మూడేళ్లలోపు వాళ్లకు ఊడిపోయే బటన్లు, మెరుపులు అంటించిన పుస్తకాలు వద్దు. ఏఎన్‌ఎం గారు చెప్పిన భయం నిజమే కానీ ఒక సవరణ, సూది వేసే గదిలోకి తల్లి ఒక పుస్తకం పట్టుకుపోవడం మంచిదే. టీకా నొప్పి తగ్గించడం మీద 2015లో డబ్ల్యూహెచ్‌ఓ చెప్పినవాటిలో పిల్లను తల్లి ఒడిలో పట్టుకోవడం, చిన్నపిల్లల ధ్యాస వేరేదాని మీదికి మళ్లించడం రెండూ ఉన్నాయి. పడుకోబెట్టి నలుగురు పట్టుకోవడం కన్నా అది నయం.

బుధవారం సూది:

డాక్టర్ గారూ, ఒడిలో పట్టుకుంటే నేనూ అట్లనే వేస్తా సార్. కానీ డెబ్బైమంది వరుసలో ఉన్నప్పుడు పుస్తకం చూపించుకుంటూ వేయమంటే సాయంత్రం అయిదవుతుంది. ఐదేళ్ల బూస్టర్ పిల్లలకు చేసి చూస్తా, వాళ్లే ఎక్కువ తన్నేది.

చేర్యాల బస్సు:

తోరణం బొమ్మ దగ్గర ఆగారు కాబట్టి చెబుతున్నా. మన చేర్యాల నకాషీ బొమ్మలు గుర్తు చేసుకోండి, ఇప్పుడు సిద్దిపేట జిల్లా కానీ మొన్నటిదాకా వరంగల్ జిల్లానే. పొడవాటి గుడ్డ మీద కథంతా బొమ్మలుగా వేసి, కథ చెప్పేవాళ్లు కొంచెం కొంచెం విప్పుతూ ఊరూరా పాడేవాళ్లు. చింతగింజల అంబలి పూసిన గుడ్డ, ఎర్రటి నేపథ్యం. అంటే అక్షరం లేని బొమ్మల పుస్తకం మన దగ్గర ఎప్పటి నుంచో ఉంది, పన్నెండడుగుల గోడ ఉంటే అది మీకు సరిగ్గా సరిపోతుంది. అసలు చిత్రకారుడితో వేయించే డబ్బు లేకపోతే ఆ పద్ధతిలో ఎవరన్నా డ్రాయింగ్ టీచర్‌తో గోడ మీదే వేయించండి, కానీ పిల్లల కళ్ల ఎత్తులో, నేల నుంచి అడుగున్నరకు మొదలుపెట్టి మూడడుగుల లోపల. మనవాళ్లు బొమ్మలన్నీ ట్యూబ్‌లైట్ పక్కన వేస్తారు, పెద్దవాళ్లు తలెత్తి చూసి బాగుంది అనడానికి. కథ ఏదైనా సరే, మేకపిల్ల తప్పిపోయి బస్తీ అంతా తిరిగి ఇల్లు చేరడం లాంటిది, ఆ బస్తీలో ఉన్న చింతచెట్టు, కల్లు దుకాణం, నీళ్ల ట్యాంకు అన్నీ అందులో ఉండాలి. కల్లు దుకాణం వద్దంటే వద్దులెండి.

రంపపు పొట్టు:

మూడడుగుల లోపల బొమ్మ వేస్తే నా పట్టీలు ఎక్కడ కొట్టాలి అన్నా? ఒక గోడ నాది, ఒక గోడ నీది.

హనుమకొండ చౌరస్తా:

వారం తర్వాత రాస్తున్నా, ఆలస్యానికి ఏమనుకోకండి. లైబ్రరీ సార్ చెప్పినట్టే మొన్న శనివారం చాప, పదిహేను పుస్తకాలు పట్టుకుపోయా. డాక్టరమ్మ ఇచ్చిన మూలలోనే పరిచా. మొదటి అరగంట ఒక్కరు రాలేదు, నేనొక్కదాన్నే పిచ్చిదానిలా కూర్చున్నా. తర్వాత ఒక పాప వచ్చి ఒక పుస్తకం తీసుకొని అక్కడ కూర్చోకుండా నేరుగా వాళ్లమ్మ దగ్గరికి, బరువు మిషన్ పక్కకు పోయి నేల మీద కూర్చుంది. ఇంకొకడు కూడా అంతే. పదకొండు అయ్యేసరికి చాప ఖాళీ, మిషన్ చుట్టూ ఆరేడుగురు. ఎందుకంటే అక్కడి నుంచి అమ్మ కనబడుతుంది, అమ్మకేమో టోకెన్ పిలుపు వినబడుతుంది. మేం అడిగిన మూలలో కూర్చుంటే రెండూ లేవు. ఇద్దరు పిల్లల తల్లిని, నాకు ముందే తట్టాల్సింది.

ఒక నానమ్మ మాటల్లేని పుస్తకం తీసుకొని మనవడికి మొత్తం కథ వేరే చెప్పింది, పుస్తకంలో నక్క ఉంటే ఆమె తోడేలన్నది, ఆ తోడేలుకు వాళ్ల మేనమామ పేరు పెట్టింది. సార్ చెప్పారు కదా అని నేను నోరు మూసుకున్నా. వాడు నవ్వి నవ్వి ఎక్కిళ్లు తెచ్చుకున్నాడు.

కాబట్టి ఆ 12 అడుగుల మూల వదిలేశాం. మిషన్ పక్క గోడకు ఎనిమిదడుగులు ఉంది, దగ్గు వాళ్ల వరుస అటు రాదు, కిటికీ ఎదురుగా ఉంటుంది. మూడు పట్టీలు అక్కడే. మేకపిల్ల బొమ్మ అరుగు కింద గోడకు, అడుగున్నరే దొరికింది, చేర్యాల అన్న సర్దుకోవాలి. శుభ్రం చేసే అమ్మను నేనే అడిగా, "రెక్సిన్ అయితే చేస్తా, గుడ్డ అయితే చెయ్య" అని ఖరాఖండిగా చెప్పింది. కొత్తవాడ జంపఖానా మా ఇంట్లో వేసుకున్నాం.

పదిహేనులో రెండు పుస్తకాలు పోయాయి. ఉత్తరం రాసిచ్చాం, డాక్టరమ్మ రెండుసార్లు చదివి, స్టోర్ రాసే ఆయన్ని పిలిచి దూది కింద వరుసలో రాయమన్నారు. ఆయన "మేడం, పుస్తకాలను ఎన్ని ప్యాకెట్లని రాయాలి?" అని అడిగారు.

కాజీపేట తమ్ముడూ, రెక్సిన్ ముదురు ఆకుపచ్చ దొరికింది, మీటర్ లెక్కన ఇస్తానన్నాడు. బల్ల కొలత తెలిస్తే కొంటా. ఈ ఆదివారం దవాఖాన బంద్ ఉంటుంది, వాచ్‌మన్‌తో మాట్లాడి పెట్టా, టేపు పట్టుకొని రాగలవా?

రంపపు పొట్టు:

పదింటికి వస్తా అక్కా. ఆ తిరగని ఫ్యాన్‌కు కెపాసిటర్ పోయి ఉంటుంది, అది కూడా తెస్తా.